టేకు కలప: గోదావరి డెల్టాలో ఇల్లు కట్టుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కోనసీమలో ముమ్మిడివరం పక్క పల్లె. తాత నాగళ్ళూ ఎడ్లబళ్ళూ చేసేవాడు, నాన్న గుమ్మాలు చేశాడు, నేను గుమ్మాలతో పాటు మంచాలు, డైనింగ్ బల్లలు కూడా చేస్తున్నాను. ఫోన్ తీయగానే వినిపించే మొదటి ప్రశ్న "ఏ టేకు వాడతారండీ?". రెండోది "అడుగెంత?". "ఎంత ఆరిందండీ?" అని అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో ఇద్దరో ముగ్గురో. చెప్పిందే చెప్పడం కన్నా ఒకచోట రాసి పెడితే మేలని ఇది రాస్తున్నాను.

బర్మా టేకు, సీపీ టేకు, ఘనా టేకు, మన లోకల్ టేకు. వీటిలో ఏది మంచిది?

ముందు ఈ పేర్ల సంగతి చూద్దాం. టేకు చెట్టు ఒకటే జాతి, శాస్త్రీయ నామం టెక్టోనా గ్రాండిస్. సహజంగా పెరిగే దేశాలు నాలుగే: మన దేశం, మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్. మిగతా చోట్ల ఉన్నదంతా మనుషులు నాటిందే. ఘనా, నైజీరియా, కోస్టారికా, ఈక్వడార్ నుంచి వచ్చే దుంగలూ ఈ జాతివే, కాకపోతే ఎక్కువగా చిన్న వయసు తోటలవి.

సీపీ అంటే సెంట్రల్ ప్రావిన్సెస్, బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి పేరు. ఇప్పటి మధ్యప్రదేశ్, విదర్భ అన్నమాట. అడితీల్లో, అంటే కలప అమ్మే డిపోల్లో, దీన్నే బల్లార్షా టేకు అని కూడా అంటారు. వాన తక్కువ పడే నేలలో నిదానంగా పెరిగిన చెట్టు కాబట్టి గీతలు దగ్గరదగ్గరగా, రంగు ముదురుగా ఉంటుంది. బర్మా టేకుకు పొడవాటి తిన్నని మాను, ముడులు తక్కువ, రంగు అంతటా ఒకేలా ఉంటుంది. పేరు ఊరికే రాలేదు. కానీ మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. ఇవాళ ఎవరైనా దుంగ చూపించి "బర్మాదండీ, మొన్ననే దిగింది" అంటే నేనైతే నవ్వి ఊరుకుంటాను.

ఇంకో తిరకాసు ఉంది. "ఆఫ్రికన్ టేకు" పేరుతో ఇరోకో అనే వేరే చెట్టు కలప అమ్ముతారు. అది చెడ్డ కలప కాదు, కానీ టేకు కాదు. "బ్రెజిల్ టేకు" కూడా అంతే, పేరులో తప్ప చెట్టులో టేకు లేదు.

ఇక ఏది మంచిదంటే, పేరు పక్కన పెట్టి ముక్కని చూడండి. ఘనా దుంగలో చేవ, అంటే లోపలి ముదురు భాగం, నిండుగా ఉండి బాగా ఆరి ఉంటే, తెల్ల అంచులున్న పచ్చి బల్లార్షా కన్నా అదే నయం. నేను రెండు రకాలూ వాడతాను, ఏది వాడానో బిల్లులో రాస్తాను.

చేవ అంటే ఏమిటి? దాన్ని ఎలా గుర్తుపట్టాలి?

దుంగని అడ్డంగా కోసి చూస్తే బయట బెరడు, దాని లోపల తెల్లటి పట్టీ, ఆ లోపల బంగారు గోధుమ రంగు గుండ్రం కనిపిస్తాయి. ఆ లోపలిదే చేవ. తెల్ల పట్టీ చెట్టు బతికున్నప్పుడు వేరు నుంచి ఆకుకి నీళ్ళు మోసే భాగం. అందులో పిండి పదార్థం ఉంటుంది కాబట్టి పుచ్చు పురుగుకి విందు భోజనమే. వయసు పెరిగేకొద్దీ లోపలి పొరల్లో ఆ పని ఆగిపోయి, నూనెలూ రకరకాల రసాయనాలూ చేరి, చేవగా మారుతుంది. టేకుకి ఉన్న పేరంతా ఈ చేవ వల్ల వచ్చిందే. ఒంట్లో చేవ లేదంటాం చూడండి, ఆ మాట పుట్టింది ఇక్కడే.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. కోసిన ముక్కని తడిపి ఎండలో పెట్టి చూడండి, తెల్లకీ చేవకీ మధ్య గీత గీసినట్టు కనిపిస్తుంది. చేవని గోటితో గీరి వాసన చూస్తే పాత తోలు చెప్పు వాసన వస్తుంది. చేత్తో రుద్దితే మైనం పూసినట్టు కాస్త జారుడుగా ఉంటుంది. చివరి కోతలో, అంటే దుంగ అడ్డకోతలో, చెట్టు ఏటేటా పెరిగిన ఉంగరాల వెంబడి పెద్దపెద్ద సూది బెజ్జాలు వరసగా ఉంటాయి. అవి టేకు ఆనవాలు.

జాగ్రత్త పడాల్సింది రంగు వేసిన చెక్క దగ్గర. తెల్ల భాగానికి స్టెయిన్ పూసి చేవలా చూపించడం మా వృత్తిలో ఉన్న పాత విద్యే. గుమ్మం పాలిష్ పడకముందే, చిత్రిక పట్టిన రోజే వచ్చి చూసుకోండి. రావద్దన్న వడ్రంగికి పని ఇవ్వకండి.

కొబ్బరితోట గట్టు మీద మా నాన్నగారు వేసిన టేకు చెట్లు ఉన్నాయి. 15 ఏళ్ళు. గుమ్మాలకి పనికొస్తాయా?

కోనసీమలో ఈ ప్రశ్న అడగని ఇల్లు లేదు. చిన్నప్పుడు ఆ చెట్ల లేత ఆకు నలిపి అరచేతులు ఎర్రగా చేసుకున్న పిల్లలే ఇప్పుడు పెద్దవాళ్ళయి ఇళ్ళు కడుతున్నారు.

మన ఒండ్రు నేలలో టేకు ఏపుగా పెరుగుతుంది, నీరు నిలవకపోతే చాలు. ఏపుగా పెరగడం తప్పు కాదు, అలా పెరిగిన చెక్క బలంలో మరీ తీసిపోదు కూడా. ఇబ్బందల్లా వయసుతోనే. లెక్క చూడండి. చుట్టుకొలత 30 అంగుళాలున్న చెట్టుకి అడ్డకొలత తొమ్మిదిన్నర అంగుళాలు. చుట్టూ అంగుళంన్నర తెల్ల ఉందనుకుంటే లోపల మిగిలే చేవ ఆరున్నర అంగుళాలు. విస్తీర్ణంలో ఇది సగానికి కూడా రాదు. అదే 48 అంగుళాల చుట్టుకొలత చెట్టులో ఆ తెల్ల మందం అంతే ఉంటే, చేవ మూడింట రెండొంతులకి దగ్గరగా ఉంటుంది. చెట్టు ఇంకో పదేళ్ళు ఆగితే పెరిగేది ఎక్కువగా చేవే. అదీకాక చిన్న చెట్టు చేవలో నూనెలు తక్కువ, ముసలి చెట్టు చేవంత చెదలకి ఆగదు.

కాబట్టి ఆ చెట్లతో సింహద్వారం వద్దంటాను. లోపలి గదుల గుమ్మాలకీ, కిటికీ రెక్కలకీ, మంచానికీ బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణంలో నానబెట్టి వాడుకోవచ్చు. తెల్ల భాగం ఆ మందుని బాగా పీల్చుకుంటుంది, చేవ పీల్చుకోదు. చేవకి దాని అవసరం కూడా పెద్దగా లేదు.

కొట్టే ముందు ఇంకో మాట. చెట్టు మీదే, నేల మీదే, అయినా కొట్టడానికీ లారీ ఎక్కించడానికీ అటవీ శాఖ అనుమతి కావాలి. దగ్గర్లోని ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోండి. పర్మిట్ లేకుండా సామిల్లుకి తెస్తే మిల్లు వాళ్ళు దించుకోరు, దించుకోకూడదు కూడా.

దుంగ కొంటే లాభమా, కోసిన సైజులు కొంటే లాభమా?

అలవాటు లేకపోతే కోసినవే కొనండి. దుంగ కొనడమంటే పుచ్చకాయ కొనడమే, కోస్తేగానీ తెలియదు.

అయినా కొంటామంటే కొలత తెలుసుకోండి. దుంగ నడుమ తాడు చుట్టి, ఆ తాడుని నాలుగు మడతలు పెడతారు. ఆ మడత పొడవుని దానితోనే గుణించి, దుంగ పొడవుతో గుణిస్తారు. చుట్టుకొలత నాలుగు అడుగులు, పొడవు పది అడుగులు ఉన్న దుంగకి మడత ఒక అడుగు వస్తుంది. అంటే లెక్క ప్రకారం 10 ఘనపుటడుగులు. దీన్ని హప్పస్ లెక్క అంటారు. నిజంగా ఆ గుండ్రటి దుంగలో ఉన్న కలప 12.7 ఘనపుటడుగులు. కోతలో పోయే పొట్టూ, పై చెక్కులూ కొనేవాడి మీద పడకుండా ఏర్పాటు చేసిన పాత పద్ధతి ఇది. అడితీ ఈ లెక్కన అమ్ముతోందా, అసలు ఘనపరిమాణం మీద అమ్ముతోందా అని ముందే అడగండి. ధర ఒకటే చెప్పి లెక్క మారిస్తే పాతిక శాతం పైన తేడా వస్తుంది.

ఒక గుమ్మానికి ఎంత కలప పడుతుంది?

ఏడడుగుల ఎత్తు గుమ్మానికి నిలువు కమ్ములు రెండు ఏడేసి అడుగులు, పైదీ కింది గడపా నాలుగేసి అడుగులు, మొత్తం 22 అడుగులు. కమ్మి 5 అంగుళాలకి 3 అంగుళాలైతే దాదాపు 2.3 ఘనపుటడుగులు, సింహద్వారానికి 6కి 4 పెడితే 3.7 దాకా పడుతుంది. ఇది చేతికొచ్చిన కొలత. చిత్రికలో పోయేదానికి పైన కొంచెం కలుపుకోండి.

చెక్క ఎన్నాళ్ళు ఆరాలి? గుమ్మం ఎత్తడానికి ముహూర్తం వచ్చే నెలలోనే ఉంది.

నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇదే. ముహూర్తం పెట్టేది పంతులుగారు, ఆరాల్సింది చెక్క. ఇద్దరికీ మధ్య నేను.

కొట్టిన చెట్టులో నీరు బోలెడంత ఉంటుంది, పొడి చెక్క బరువులో సగానికి పైగా ఉండొచ్చు. ఆరుతూ ఆరుతూ చివరికి చుట్టూ ఉన్న గాలిలో తేమకి సరిపడేంత దగ్గర ఆగుతుంది. మన డెల్టాలో గాలే తడి గాలి. ఇక్కడ నీడన పెట్టిన చెక్క వేసవిలో 12 శాతం దగ్గర, శ్రావణ భాద్రపదాల్లో 15 శాతం దగ్గర నిలుస్తుంది. అందుకే హైదరాబాద్ ఏసీ షోరూంలో 8 శాతానికి ఆరబెట్టి తెచ్చిన బల్ల అమలాపురం వచ్చాక ఉబ్బుతుంది, ఇక్కడి నుంచి పట్టుకెళ్ళిన బల్ల అక్కడ నెర్రెలు ఇస్తుంది. రెండు చోట్లా తిట్లు వడ్రంగికే.

అంగుళం మందానికి ఏడాది అన్నది పాతవాళ్ళ లెక్క. అంత ఆగలేం. మా షెడ్డులో అంగుళంన్నర పలకలు సంక్రాంతికి పేరిస్తే రోహిణి కార్తె నాటికి పనికి దించుతాను. మూడంగుళాల గుమ్మం కమ్ములకి కనీసం ఇంకో మూడు నాలుగు నెలలు కావాలి. టేకు ఆరడంలో నిదానం, కానీ బుద్ధిమంతుడు. తుమ్మలా మెలి తిరిగి, పగిలి, ఆట్లాడించదు.

పేర్చే పద్ధతి చూపిస్తాను. నేల మీద నుంచి అడుగు ఎత్తున ఇటుకలు, వాటి మీద తిన్నని దూలాలు. ఒక వరస పలకలు పరిచి, రెండేసి అడుగులకి ఒక బద్ద అడ్డం పెట్టి, ఆపైన ఇంకో వరస. బద్దలన్నీ కింది నుంచి పైకి ఒకే నిలువు వరసలో ఉండాలి, పక్కకి జరిగితే పలక అక్కడే వంగుతుంది. పలకల రెండు చివర్లకీ పాత పెయింటు పూయాలి. చెక్క చివర నుంచి నీరు ముందే పరుగెత్తిపోతుంది, పూయకపోతే చివరలు పగులుతాయి. పైన నీడ, పక్కల గాలి. పరదా కప్పితే బూజు పడుతుంది.

ఆరిందో లేదో చూడ్డానికి మీటర్లు దొరుకుతాయి, మా దగ్గర ఒకటి ఉంది. లేకపోతే వంటింటి త్రాసు చాలు. పలక చివర నుంచి కాదు, మధ్య నుంచి చిన్న ముక్క కోసి తూచండి. 230 గ్రాములు ఉందనుకుందాం. దాన్ని ఒవెన్‌లో 100 డిగ్రీల కాస్త పైన పెట్టి, బరువు తగ్గడం ఆగిపోయేదాకా గంటకోసారి తూచండి. 200 దగ్గర ఆగితే పోయిన నీరు 30, పొడి బరువు 200, కాబట్టి తేమ 15 శాతం.

ముహూర్తం తప్పదంటారా, ఒక దారి ఉంది. గుమ్మం మాత్రం ఎత్తేయండి, తలుపు రెక్కలు ఇల్లు పూర్తయ్యాక చేయించండి. రెక్కల చెక్క ఈలోపు ఆరుతుంది. గుమ్మం కాస్త కుదించుకున్నా గోడలో ఉంటుంది కాబట్టి కనిపించదు. రెక్కలో కుదింపు మాత్రం వీధంతా చూస్తుంది. నేనే ఒకసారి మొహమాటానికి పోయి ఆషాఢంలో తడి చెక్కతో నాలుగు తలుపులు చేసిచ్చాను. మాఘమాసానికి రెండు రెక్కల మధ్య రూపాయి బిళ్ళ దూరేంత సందు వచ్చింది. డబ్బులు తీసుకోకుండా మళ్ళీ చేసిచ్చాను.

వానాకాలం వస్తే తలుపు పట్టేస్తోంది. టేకు కాదేమో అని అనుమానం.

టేకే అయ్యుండొచ్చు. కదలని చెక్క లేదు, తక్కువ కదిలేవి ఉన్నాయంతే, వాటిలో టేకు ముందు వరసలో ఉంటుంది. పచ్చి నుంచి పూర్తిగా ఆరేలోపు ఉంగరాల వెంబడి సుమారు 5 శాతం, వాటికి అడ్డంగా రెండున్నర శాతం కుదించుకుంటుంది. పొడవున లెక్కపెట్టక్కర్లేదు. అడుగు వెడల్పు ప్యానెల్ మీద వేసవికీ వానాకాలానికీ మధ్య రెండు మిల్లీమీటర్ల తేడా రావచ్చు.

అందుకే తలుపు చేసేటప్పుడు ప్యానెల్‌ని చుట్టూ ఉన్న ఫ్రేమ్ గాడిలో వదులుగా కూర్చోబెట్టాలి, గమ్ పెట్టకూడదు. గమ్ పెట్టి బిగిస్తే కదలడానికి చోటు లేక పలక నిలువునా పగులుతుంది, లేదా కుసి (బెజ్జంలో దూర్చడానికి చెక్కిన కమ్మి కొస) దూరిన మూల విచ్చుకుంటుంది.

మీ తలుపు సంగతి: శ్రావణంలో పట్టేసిందని వెంటనే చిత్రిక పట్టించకండి. ఫాల్గుణం దాకా ఆగి చూడండి. దానంతటదే వదులైతే రెక్క పై అంచూ కింది అంచూ చేత్తో తడిమి చూడండి. నూటికి తొంభై ఇళ్ళలో అక్కడ పాలిష్ ఉండదు, కనిపించదని వదిలేస్తారు. తేమ దూరేది అక్కడే. రెండు పూతలు వేయించండి.

టేకుకి చెదలు పట్టవు కదా?

చేవకి అంత సులువుగా పట్టవు. తెల్లకి పడతాయి. గుమ్మం అడుగు భాగం తడి మట్టిలో ఆని ఉంటే ఎంత చేవ ఉన్నా ఎప్పటికీ నిలవదు.

మన ఇళ్ళలో ఇంకోటి గమనించాను. గడప కన్నా ముందు పాడయ్యేది గడపలోకి దిగిన నిలువు కమ్మి కాలు. శుక్రవారం శుక్రవారం గడప కడిగి పసుపు రాస్తారు, ఆ నీరు మూలకి చేరి కమ్మి కొసలోకి పీల్చుకుంటుంది. పసుపు మానమని నేను చెప్పలేను, మా ఇంట్లో నా మాట ఎవరూ వినరు. గుమ్మం బిగించే ముందే ఆ కొసని అవిసె నూనెలో రాత్రంతా నిలబెట్టి, ఆరాక పెయింటు కొట్టి దించుతున్నాను. అలా దించిన గుమ్మాలు ఇంతవరకు ఫిర్యాదు తేలేదు.

టేకు అన్నిటికన్నా గట్టి కలపా?

కాదు. ఆరిన టేకు ఘనపుటడుగు 18, 19 కిలోలు తూగుతుంది. తుమ్మ దానికన్నా బరువు, గట్టి కూడా. బండిచక్రాలకి మా తాత తుమ్మే వాడాడు, టేకు వాడలేదు. టేకు గొప్ప గట్టిదనంలో లేదు. బరువుకి తగ్గ బలం, తక్కువ కదలిక, పురుగుని ఆపే నూనె, ఈ మూడూ ఒకే చెక్కలో దొరకడమే గొప్ప.

చిత్రిక పట్టిన చెక్క పచ్చగా, మచ్చలుమచ్చలుగా ఉంది. మోసపోయామా?

లేదు. తాజాగా కోసిన టేకు ఆకుపచ్చ చాయలో, నల్లటి చారలతో వికారంగానే ఉంటుంది. వారం పది రోజులు వెలుతురు తగిలితే బంగారు రంగులోకి తిరుగుతుంది. అది తిరిగాకే పాలిష్ పెట్టించండి. ఎండావానా తగిలేచోట ఏ పూతా లేకుండా వదిలేస్తే మాత్రం ఏడాదిలో వెండిబూడిద రంగుకి వస్తుంది, అది పైపైనే, లోపల చెక్కకి ఏమీ కాదు.

టేకుకి గమ్ పట్టదంటారు, నిజమేనా? పని కష్టమా?

పైన తేలిన నూనె వల్ల పట్టు తగ్గుతుంది. అతికించే ముఖాన్ని అప్పటికప్పుడు చిత్రిక పట్టి, థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరగానే గమ్ పెట్టాలి. నిన్న పట్టిన చిత్రిక మీద ఇవాళ గమ్ పెడితే నూనె మళ్ళీ పైకి వచ్చి ఉంటుంది.

పని కష్టం కాదు, హాయి. ఉలి వెన్నలో దిగినట్టు దిగుతుంది, చెక్కడపు పనికి అందుకే ఇష్టపడతారు. కాకపోతే టేకులో ఇసుక అంశం, సిలికా, ఉంటుంది. పదును తొందరగా చస్తుంది. నాన్న ఉలి సానరాయి పక్కనే పెట్టుకుని కూర్చునేవాడు, ఇప్పుడు మిషన్ల బ్లేళ్ళు కార్బైడ్‌వి వాడుతున్నాం. పొట్టు కొందరికి దురద, తుమ్ములు తెస్తుంది. మా కుర్రాడొకడికి మోచేతుల దాకా దద్దుర్లు వచ్చేవి. మాస్కు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

పాత మండువా లోగిలి విప్పుతున్నారు. ఆ దూలాలు కొనొచ్చా?

కళ్ళకద్దుకుని కొనండి. ఒకప్పుడు పైన ఏజెన్సీ అడవుల దుంగలని తెప్పలు కట్టి గోదావరి మీదుగా రాజమండ్రికి దించేవారు. డెల్టాలోని పాత లోగిళ్ళలో ఉన్నది చాలావరకు అలాంటి ముదురు కలపే. దశాబ్దాల పాటు కప్పు కింద ఆరి ఉంటుంది, ఇక కదలదు. పైన మసి, సున్నం గీకితే లోపల తేనె రంగు.

చూడాల్సినవి మూడు. గోడలో దిగి ఉన్న దూలం కొసలు సుత్తితో తట్టండి, డొల్ల శబ్దం వస్తే అంత మేరా కోసేయాల్సిందే. కుసి బెజ్జాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, వాటి మధ్య మీకు కావాల్సిన పొడవు వస్తుందా కొలుచుకోండి. మూడోది మేకులు. ఒక దూలానికి నేను మూడు పక్కలే అయస్కాంతం తిప్పి, నాలుగో పక్క గోడకి ఆని ఉందని బద్ధకించాను. సామిల్లులో రంపం ఆ పక్కనే ఉన్న చేతిమేకుని తగిలింది. ఆ చప్పుడికి మిల్లులో అందరూ ఆగిపోయారు. పట్టీ రంపం పళ్ళు పదహారు ఎగిరిపోయాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, పట్టీ ఖరీదు నేనే కట్టాను. ఇప్పుడు దూలాన్ని దొర్లించి నాలుగు పక్కలా చూస్తాను.

పాలిష్ ఏది మంచిది? కొబ్బరి నూనె రాయొచ్చా?

కొబ్బరి నూనె అడక్కుండా కోనసీమలో ఎవరూ ఉండరు లెండి. వద్దు. అది ఎప్పటికీ ఆరని నూనె. జిడ్డుగా ఉండిపోయి దుమ్ము పట్టి నల్లబడుతుంది. ఆరే నూనె కావాలంటే అవిసె నూనె, పల్చగా రాసి పావుగంటలో పొడిగుడ్డతో తుడిచేయాలి. నూనె పీల్చిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు, ఆరుబయట పరిచి ఆరేయండి.

లోపలి వస్తువులకి లక్క పాలిష్ అందం నాకు ఇప్పటికీ ఇష్టం, కానీ నీటి చుక్క పడితే తెల్ల మచ్చ పడుతుంది. భోజనాల బల్లకి పనికిరాదు, దానికి పీయూ (పాలీయూరిథేన్ పూత) వేయించండి. వీధి తలుపుకి బయట వాడకానికి అని డబ్బా మీద రాసి ఉన్న పీయూనే. ఏ పూతకైనా ముందు థిన్నర్‌తో తుడవాలి, లేకపోతే టేకు నూనె వల్ల పూత ఆరకుండా బంకగా ఉండిపోతుంది.

ఓడలరేవు దగ్గర ఇల్లు. ఉప్పు గాలికి టేకు ఆగుతుందా?

టేకు ఆగుతుంది, బందులు ఆగవు. ఇనుప బందులు, గడియలు పెట్టకండి. ఇత్తడి, లేదా 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టండి. మేకుకి బదులు స్క్రూ, అదీ ముందు బరమాతో బెజ్జం వేసి. టేకు బాగా ఆరాక కాస్త పెళుసు, అంచు దగ్గర నేరుగా మేకు కొడితే చీలుతుంది.

ఓడలకీ రథాలకీ టేకే ఎందుకు?

తడిసి ఆరి, తడిసి ఆరి కూడా వంకర పోకపోవడం ఒకటి. దాని నూనె ఇనుప మేకుని తొందరగా తుప్పు పట్టనివ్వకపోవడం రెండు. ఓక్ అనే చెట్టు కలపలో ఉండే ఆమ్లాలు ఇనుముని తినేస్తాయి, టేకు అలా చేయదు. 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో ఇప్పటికీ నీళ్ళ మీదే ఉంది. మన తాళ్ళరేవు, కోరంగి వైపు కూడా పడవలు కట్టే విద్య పాతదే.

నిప్పుకి మాత్రం టేకు కూడా కలపే. 2020 సెప్టెంబరులో అంతర్వేది స్వామివారి రథం ఒక్క రాత్రిలో బూడిదైంది. 2021 రథసప్తమి నాటికి కొత్త రథం తయారైంది, అదీ టేకుతోనే. రథం పనిలో చూడాల్సింది చెక్కడం కన్నా కుసి బిగింపు. లాగేటప్పుడు ప్రతి అతుకూ కదులుతుంది.

టీక్ ప్లై అంటే టేకేనా?

పైన కాగితమంత టేకు పొర, లోపల వేరే చెక్క. వార్డ్‌రోబ్‌కి బాగానే ఉంటుంది. వీధి తలుపుకి, బాత్‌రూమ్ తలుపుకి వద్దు. గట్టిగా సాండ్‌పేపర్ పెడితే పొర లేచిపోతుంది.

టేకు కొనే స్తోమత లేదు. ఇక్కడ దొరికే కలపతో అవుతుందా?

అవుతుంది. ముదురు వేప చేవ లోపలి గుమ్మాలకి బావుంటుంది, చేదు కాబట్టి పురుగు తక్కువ, వంకర పోయే గుణం ఉంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ ఆరబెట్టాలి. తుమ్మ గడపకి, మెట్లకి. ఉలికి కష్టం, అరుగుదలకి మొండి. పనస కలప చాలామంది పొయ్యిలో పెడతారు, నాకు ప్రాణం ఉసూరుమంటుంది. బొబ్బిలి, నూజివీడు వీణలు పనసతోనే చేస్తారు. పసుపుపచ్చగా మొదలై ఏళ్ళకి ఎర్రటి గోధుమ రంగుకి వస్తుంది, బీరువాలకీ పూజామందిరానికీ భేషుగ్గా ఉంటుంది. మామిడి సెంట్రింగ్ చెక్కకి తప్ప వద్దు, తేమలో పుచ్చుతుంది.

బడ్జెట్ కొద్దిగా ఉంటే వీధి గుమ్మం ఒక్కటి చేవ టేకుతో, మిగతావి వేపతో. నాలుగూ తెల్ల టేకుతో చేయించడం కన్నా ఇదే మేలు.

వరదలో తలుపులు రెండు రోజులు మునిగిపోయాయి. మార్చేయాలా?

లంక గ్రామాల నుంచి 2022 జూలై వరద తర్వాత ఈ ఫోన్లు వరసపెట్టి వచ్చాయి. 1986 వరద తర్వాత నాన్న ఏం చేశాడో నేనూ అదే చెప్పాను. ముందు మంచినీళ్ళతో ఒండ్రు కడిగేయండి, ప్యానెల్ గాడిలో చేరిన బురద పుల్లతో తీయండి. రెక్కలు బందుల నుంచి విప్పి నీడలో, కింద మూడు బద్దలు పెట్టి పడుకోబెట్టండి, గోడకి చేరేస్తే వంగుతాయి. ఎండలో పెట్టొద్దు. వారానికోసారి తిరగేయండి. దసరా దాటేదాకా చిత్రిక, పాలిష్ మాట ఎత్తొద్దు. ప్లై, ఫ్లష్ డోర్లయితే పొరలు విచ్చి ఉంటాయి, వాటిని వదిలేసుకోండి. టేకు చేవ అయితే బందుల స్క్రూలు కొత్తవి వేసి అవే తలుపులు మళ్ళీ పెట్టుకోవచ్చు. అప్పుడు చూసిన వాటిలో నేను పక్కన పడేయమన్నది రెండే రెక్కలు, రెండూ అడుగున తెల్ల ఉన్నవే.